మానురాయి మీద మూడు నివేదికలు

2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతి జిల్లా ఏర్పాటు చేశారు. ఆ జూన్ మొదటి వారంలో నన్ను చిత్తూరు నుంచి తిరుపతికి, కొత్త జిల్లా గనుల కార్యాలయానికి అసిస్టెంట్ జియాలజిస్టుగా వేశారు. పదవీ విరమణకు నాకింకా రెండేళ్లు కూడా లేవు. కార్యాలయమంటే బస్టాండు వెనక వీధిలో ఒక అద్దె మేడ. కింద యాత్రికుల లాడ్జి, పైన మేము. చిత్తూరు నుంచి పంచుకొచ్చిన ఫైళ్లు గోనె సంచుల్లో గోడవారగా పడి ఉండేవి. నా పేరు మీనాక్షి అని చెప్పి బల్ల అడిగితే, ముందు కుర్చీ ఇచ్చారు. బల్ల పది రోజుల తర్వాత వచ్చింది.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జిల్లాకు ఒక అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటారు. ఆయన కింద అసిస్టెంట్ జియాలజిస్టు, రాయల్టీ ఇన్‌స్పెక్టర్లు. ఎవరైనా గ్రావెల్‌కో గ్రానైట్‌కో లీజు అడిగితే, ఆ భూమి ఎవరిదో, అభ్యంతరాలు ఏమున్నాయో ముందు తహసీల్దారు చెప్పాలి. ఆ తర్వాత జియాలజిస్టు స్థలానికి వెళ్లి, నేలలో ఏముందో చూసి సాంకేతిక నివేదిక రాయాలి. అది లేకుండా ఫైలు పైకి కదలదు. అంత లావు ఫైల్లో నాది రెండు పేజీల పని. పై అధికారి ఆ రెండు పేజీలతో విభేదించవచ్చు, తిప్పి పంపవచ్చు, వేరే వాళ్లతో మరో తనిఖీ చేయించవచ్చు. అందులో ఒక్క అక్షరం మార్చే హక్కు మాత్రం ఆయనకు లేదు. ఈ సంగతి చాలామంది జియాలజిస్టులకే గుర్తుండదు.

నేను నగరిలో పుట్టాను. మా నాయన పవర్‌లూమ్ మీద చీరలు నేసేవారు. ఇంటి మెట్టు మీద కూర్చుంటే ముక్కులా పొడుచుకొచ్చిన నగరి కొండ కనిపించేది. నేను భూగర్భశాస్త్రం చదువుతానంటే బంధువొకాయన, “ఆడపిల్ల కొండలెక్కి ఏం చేస్తుందప్పా?” అని నాయనను అడిగాడు. “ఎక్కినంక దిగుతుంది లే,” అన్నారు నాయన. మా ఇంట్లో ఆ విషయం మీద జరిగిన చర్చ అంతే.

ఆగస్టులో నా దగ్గరికి ఒక గ్రావెల్ లీజు దరఖాస్తు వచ్చింది. సత్యవేడు వైపు, తమిళనాడు సరిహద్దుకు దగ్గరలో ఒక చిన్న గుట్ట. ప్రభుత్వ పోరంబోకు. దరఖాస్తు పెట్టినది లోకనాథం అనే కాంట్రాక్టరు. ఆ చుట్టుపక్కల రోడ్లకు, లేఅవుట్లకు మట్టి తోలించేది ఆయనే. అభ్యంతరం లేదని తహసీల్దారు అప్పటికే రాసేశారు. ఇక నేను వెళ్లి, గ్రావెల్ ఉన్నదని రాస్తే చాలు.

ఆ గుట్టల నేల స్వభావం నాకు తెలుసు. నగరి కొండల రాయి చాలా పాతది, గట్టిది. సత్యవేడు గుట్టలు వాటి పక్కన చిన్న వయసువి. పాత కొండలు అరిగి, వాగులు దొర్లించుకొచ్చిన గులకరాళ్లు, ఇసుక, బంకమన్ను పొరలుగా పేరుకుని గట్టిపడిన నేల అది. చిన్న వయసంటే పది కోట్ల ఏళ్లు దాటిన మాటే. అప్పట్లో సముద్రం ఇప్పటి పులికాట్ కన్నా బాగా లోపలికి ఉండేది. ఆ పొరల్లో ఆకుల అచ్చులు దొరుకుతాయని చదువుకునే రోజుల్లోనే విన్నాను. అంతకు మించి అక్కడ ఏదీ నేను చూడలేదు.

తనిఖీకి వెళ్లిన రోజు సత్యవేడు బస్టాండులో లోకనాథం కారు నా కోసం నిలబడి ఉంది. దరఖాస్తుదారు బండి ఎక్కకూడదన్నది నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పెట్టుకున్న నియమం. ఆటో మాట్లాడుకుని వెళ్లాను. కారు నా వెనకే నెమ్మదిగా వచ్చింది. గ్రామ సర్వేయరు గుట్ట కింద చింతచెట్టు నీడలో పటం పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

లీజు రాకముందే గుట్టకు ఒక పక్క మిషను పెట్టి గీకినట్లు చూడగానే తెలిసింది. మనిషి ఎత్తున తాజా కోత. ఎర్రటి గ్రావెల్ మధ్యలో, ఏటవాలుగా, ముదురు గోధుమ రంగులో ఏదో అడ్డంగా పడి ఉంది. దగ్గరికి వెళ్లేసరికి నా నడక దానంతటదే ఆగిపోయింది. అది ఒక చెట్టు మొదలు. నా రెండు చేతులూ చాపి పట్టుకున్నా అందనంత లావు. బెరడు ఊడిన చోట పొడుగునా నార, ఒక పక్క కొమ్మ విరిగిన చోట కణుపు, మిషను తగిలి పగిలిన కొసలో ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు. వేలితో తడితే చల్లగా, గాజులా ఉంది. సుత్తి పిడితో తడితే గంట మోగినట్లు మోగింది.

లోకనాథం నా వెనక నిలబడి చూశాడు. “రాయే గదా మేడమ్. రాయిని రాయి అని రాసేయండి, పని అయిపోతుంది,” అన్నాడు.

“రాయే. అంతకు ముందు చెట్టు,” అన్నాను.

అంతలో మేకలు తోలుకుంటూ ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. పేరు మునెమ్మ, గుట్ట కిందనే ఇల్లు. ఆవిడ లోకనాథం వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది.

“ఇది మానురాయి మేడమ్. కింద పడిన పెళ్లలు కొడవళ్లు నూరుకోడానికి తీసుకుంటాము గాని, మాను మీద మేమెవురం దెబ్బ ఎయ్యము. ఈయప్ప మిషను పెట్టి దాని మూతి పగలగొట్టినాడు. ఈడ లీజు ఇయ్యబాకండి.”

లోకనాథం నవ్వాడు. “నీ కొడుకు మణి నా టిప్పరే గదమ్మా తోలేది. వాడి కూట్లో నువ్వే మన్ను కొడతావా?”

“వాని కూడు వాడు సంపాదించుకుంటాడు. నేను రాయి సంగతి సెప్తా ఉండా,” అంది మునెమ్మ.

నేను టేపుతో కొలతలు తీసుకుంటుంటే ఆవిడ పక్కనే కూర్చుని, మాను రాయి ఎట్లా అయిందని అడిగింది. వాళ్ల అవ్వ అది ఎవరిదో శాపమని చెప్పేదట. శాపం కాదని చెప్పి, నాకు తెలిసింది చెప్పాను. ఎప్పుడో ఒక పెద్ద వరదకు ఈ చెట్టు కూలి, కొట్టుకొచ్చి, ఇసుక కింద పూడిపోయింది. మామూలుగా కూలిన చెట్టు చెదపట్టి, కుళ్లి మట్టిలో కలుస్తుంది. గాలి తగలనంత లోతున, త్వరగా పూడిపోతే కుళ్లడం బాగా నెమ్మదిస్తుంది. ఇసుక గుండా ఊరే నీటిలో సిలికా కరిగి ఉంటుంది. ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థమే అది. ఆ నీరు కలపలోకి ఇంకుతుంది. కలప నిండా కంటికి కనిపించని గదులుంటాయి కదా, వాటిలో సిలికా మెల్లగా పేరుకుంటుంది. ముందు గదులు నిండుతాయి, తర్వాత గోడలు కరిగేకొద్దీ వాటి జాగాలోనూ అదే చేరుతుంది. లక్షల ఏళ్లలో అది చెకుముకి రాయంత గట్టిపడుతుంది. నీటితో వచ్చిన ఇనుము ఎరుపు, గోధుమ రంగులు పూస్తుంది. కలప పోయినా దాని ప్రతి గదీ ఎక్కడిదక్కడే ఉంటుంది.

మునెమ్మ అంతా విని, “అయితే మాను పోయి దాని రూపు ఒగటే మిగిలుండాది. దీన్ని పగలగొడితే అదీ పాయె,” అంది. ఆ సాయంత్రం తిరుపతి బస్సులో నేను రాసుకున్న నివేదికలో సారాంశం కూడా అదే.

మొదటి నివేదిక రెండు పేజీలు. గ్రావెల్ ఉన్నది, నాణ్యత ఫరవాలేదు. దరఖాస్తు చేసిన స్థలంలో ఈశాన్య భాగాన శిలగా మారిన వృక్షం ఉన్నది. ఆ భాగాన్ని లీజు నుంచి మినహాయించి, పరిశీలనకు సంబంధిత కేంద్ర శాఖకు తెలియజేయాలి. అనుమతి లేకుండా ఇప్పటికే తవ్వకం జరిగింది.

మా అసిస్టెంట్ డైరెక్టర్ నాకన్నా పాతికేళ్లు చిన్నవాడు. కోస్తా నుంచి పోటీ పరీక్ష రాసి నేరుగా ఆ హోదాలోకి వచ్చినవాడు, చురుకైనవాడు. చెడ్డవాడని నేను అనను. పైనుంచి ఫోన్లు వచ్చేవి, వాటిని కాదనడం ఆయనకు చేతనయ్యేది కాదు. నన్ను గదిలోకి పిలిచి, “మీనాక్షి గారూ, గ్రావెల్ లీజులో చెట్ల గురించి మనకెందుకండీ? అది అటవీ శాఖ వాళ్లు చూసుకుంటారు కదా,” అన్నాడు.

“ఈ చెట్టు వాళ్ల చేయి దాటి పది కోట్ల ఏళ్లయింది సార్. ఇప్పుడు మనదే,” అన్నాను.

ఆయన నవ్వలేదు. ప్రత్యేక అంశాలు అన్న గడిలో ‘లేవు’ అని రాసి మళ్లీ సమర్పించమన్నాడు. ఆ మాట కాగితం మీద ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి మారాక ఒక మేలు జరిగింది. నివేదిక మీద డిజిటల్ సంతకం పడితే, దాన్ని తీసి చెత్తబుట్టలో వేయడం ఎవరి తరమూ కాదు. తిప్పి పంపినా అది ఫైల్లోనే కూర్చుంటుంది. ‘స్థలాన్ని పునఃపరిశీలించి సమర్పించగలరు’ అన్న ఒక్క వాక్యంతో ఫైలు వెనక్కి వచ్చింది.

సరే, పునఃపరిశీలించాను. మళ్లీ అదే బస్సు, అదే ఆటో. మాను బయటికి కనిపిస్తున్నంత మేర నాలుగు మీటర్లు దాటింది. కణుపులు లెక్కపెట్టాను, వలయాల మధ్య దూరాలు కొలిచాను, పైనా కిందా ఉన్న పొరల పటం గీశాను, ఫోటోలు తీశాను. రెండో నివేదిక ఆరు పేజీలైంది. చివర సిఫార్సు మొదటిదే, ఒక్క కామా కూడా మార్చలేదు.

ఈసారి ఫైలు ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. లోకనాథం ఎవరో ప్రైవేటు కన్సల్టెంటు చేత ఉత్తరం రాయించి జతచేశాడు. అక్కడ ఉన్నది చెట్టు కాదని, చారలున్న మామూలు చెకుముకి రాయేనని దాని సారం. ‘ఇది వృక్షమే అనడానికి శాస్త్రీయ ఆధారం చూపగలరు’ అని అసిస్టెంట్ డైరెక్టర్ కింద రాశాడు. నన్ను ఇబ్బంది పెట్టడానికే ఆ ప్రశ్న వేశారని నాకు తెలుసు. కాని ప్రశ్న న్యాయమైనది. కంటికి చెట్టులా కనిపించే రాళ్లు చాలా ఉంటాయి. చారలు చూసి చెట్టన్నవాళ్లు మా వృత్తిలో ఎందరో నవ్వులపాలయ్యారు. నేను కూడా కంటితో చూసి చెప్పానే తప్ప, లోపల చూడలేదు. కోపంగానే ఉన్నా, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేనేనని ఒప్పుకున్నాను.

మూడోసారి వెళ్లి, మిషను దెబ్బకు విరిగి కోత అడుగున పడిన ముక్క ఒకటి తీసుకున్నాను. అది ఎక్కడి నుంచి ఊడిందో, ఆ చోటికి అతికించి ఫోటో తీశాను. నా చేతిలో సుత్తి చూసి మునెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. “వాడు కొట్టింది సాలదని నువ్వు గూడా కొడతావా?” అని నిలదీసింది. కింద పడిన ముక్కేనని చూపించాకే దారి వదిలింది. వచ్చేటప్పుడు నా ఫోను నంబరు అడిగి తీసుకుంది.

రాతిని లోపల చూడాలంటే దాన్ని వెలుతురు దూరేంత పలుచగా చేయాలి. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఆ పని చేసే రెడ్డెప్ప నాకు చాలాకాలంగా తెలుసు. ఉద్యోగపు పేరు సెక్షన్ కటర్. ముప్పై ఏళ్లుగా రాళ్లు కోస్తున్న మనిషి, విరమణకు దగ్గరపడ్డాడు. శాఖ తరఫున ఉత్తరం తెచ్చావా అని అడిగాడు. అసిస్టెంట్ డైరెక్టర్ వేసిన ప్రశ్నే చూపించాను. ఆధారం చూపమని ఆయనే రాశాడు, అంతకన్నా ఉత్తరం ఏముంటుంది?

రెడ్డెప్ప ముక్కను వజ్రపు పొడి అంటించిన రంపం మీద పెట్టి బిళ్లలా కోశాడు. ఒక ముఖాన్ని గాజు పలక మీద గరుకు పొడి, నీళ్లు వేసి అద్దంలా అరగదీశాడు. ఆ ముఖాన్ని గాజు బిళ్లకు అంటించి, రెండో వైపు నుంచి అరగదీయడం మొదలుపెట్టాడు. వెంట్రుక మందంలో సగం కన్నా తక్కువకు రావాలి. ఒక్క క్షణం ఎక్కువ రుద్దితే మొత్తం లేచిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన వేళ్లే చూస్తున్నాను.

మైక్రోస్కోపులో ముందు తనే చూశాడు. తర్వాత పక్కకు జరిగి, “నువ్వే సూడు మేడమ్. ఎవురన్నా రాయంటే వాళ్లను ఈడికి తోలుకోని రా,” అన్నాడు.

తేనెతుట్టెలా గదులు. ఒకదాని పక్కన ఒకటి, వరసలు వరసలుగా, కేంద్రం నుంచి బయటికి. ఒక చోట గదులు పెద్దవి, కొంత దూరం పోయాక చిన్నవై, గోడలు మందమై, మళ్లీ ఒక్కసారిగా పెద్దవి. నీళ్లు బాగా దొరికిన కాలం, దొరకని కాలం. వేప, మామిడి వంటి పూలచెట్ల కలపలో నీళ్లు పారే పెద్ద గొట్టాలు అక్కడక్కడా గుండ్రంగా కనిపిస్తాయి. ఇందులో అవి లేవు. అంటే ఇది దేవదారు, పైన్ చెట్ల జాతికి దగ్గరి బంధువు, శంకువులు కాసే వృక్షం. పూలు పూసే చెట్లు భూమ్మీద అప్పుడప్పుడే మొదలవుతున్న కాలపు పొరలో ఇలాంటిదే ఉండాలి, ఇలాంటిదే ఉంది. ఏ చెకుముకి రాయీ తనంతట తను గదులు కట్టుకోదు. నేను ఆ బిళ్లకు ఫోటోలు తీసుకుని మూడో నివేదిక రాయడం మొదలుపెట్టాను.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం, కార్యాలయం మూసే వేళకు నాకు ఉత్తర్వు అందింది. నన్ను సరిహద్దు చెక్‌పోస్టుకు డిప్యుటేషన్ మీద పంపుతున్నారు. అక్కడ పని వచ్చే పోయే లారీల పర్మిట్లు చూడటం. సోమవారం ఉదయం పదిన్నరకు నన్ను ఇక్కడి విధుల నుంచి విడుదల చేస్తారు. గ్రావెల్ ఫైలు ఒక రాయల్టీ ఇన్‌స్పెక్టరుకు అప్పగించాలి. ఉత్తర్వు తెచ్చింది కూడా ఆ ఇన్‌స్పెక్టరే; కుర్రవాడు, నా ముఖంలోకి చూడలేక ఉత్తర్వు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను సంతకం పెట్టి తీసుకున్నాను. ఉత్తర్వును కాదనడం నా హోదాకు లేదు. నివేదిక మాత్రం శని, ఆదివారాల్లో పూర్తి చేయవచ్చనుకుని నగరిలో తమ్ముడింటికి వెళ్లాను.

ఆదివారం పొద్దున తొమ్మిదికి మునెమ్మ ఫోను చేసింది. “మేడమ్, జేసీబీ వచ్చిండాది. మాను కాడ నిలబెట్టినారు. ఎవురూ రారులే అని ఆదివారం సూసుకోని వచ్చినారు.”

“నువ్వు దగ్గరికి పోవద్దు. నేను వస్తున్నాను,” అన్నాను.

“నేను దగ్గిరే ఉండా. బకెట్టు ముందర కూసోనుండా,” అంది.

తమ్ముడు నన్ను వారించాడు. చేతికి ఉత్తర్వు వచ్చాక ఇక నీకేం సంబంధం అన్నాడు. ఉత్తర్వు మరోసారి చదివాను. సోమవారం పదిన్నర దాకా ఆ జిల్లాకు అసిస్టెంట్ జియాలజిస్టును నేనే. అనుమతి లేకుండా ఖనిజం తవ్వుతుంటే ఆపి, వాహనాన్ని పట్టుకుని, మధ్యవర్తుల సమక్షంలో పంచనామా రాసే అధికారం ఆ హోదాకు ఉంది. ఆదివారాలు ఆ అధికారం ఉండదని ఏ నియమంలోనూ లేదు. తమ్ముడి మోటారు సైకిలు వెనక ఎక్కి, నాగలాపురం మీదుగా వెళ్లాం. దారంతా తుంపర.

మేం చేరేసరికి కొంత నష్టం జరిగిపోయింది. మాను పైకొస మీటరు మేర విరిగి, ముక్కలు టిప్పరులోకి ఎక్కాయి. మిగిలిన దానికీ బకెట్టుకూ మధ్య మునెమ్మ తడి మట్టిలో గొంతుకూర్చుని ఉంది. జేసీబీ డ్రైవరు మిషను ఆపి బీడీ కాలుస్తున్నాడు. లోకనాథం గొడుగు కింద నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. టిప్పరు సీట్లో స్టీరింగు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నవాడు మునెమ్మ కొడుకు మణి. పెళ్లయి, ఇద్దరు బిడ్డలున్నవాడు.

“మీకు ట్రాన్స్‌ఫర్ అయింది గదా మేడమ్,” అన్నాడు లోకనాథం.

“రేపు పదిన్నరకు. మీ గడియారంలో ఇప్పుడు ఎంతయింది?” అన్నాను.

ఆయన నాతో వాదించలేదు. తనకూ దీనికీ సంబంధం లేదన్నాడు. ఎవరో తవ్వుతున్నారని తెలిసి తనూ చూడటానికే వచ్చాడట. మిషను ఎవరిదో, టిప్పరు ఎవరి పేరున ఉందో తెలియదట. గ్రామ రెవెన్యూ అధికారికి ఫోను చేశాను. ఆదివారం ఊళ్లో లేనన్నాడు. అతని వెనక మోగుతున్న ఊరి గుడి మైకు నాకు ఒక చెవిలో ఫోను నుంచీ, రెండో చెవిలో ఊళ్లోంచీ ఒకేసారి వినిపించింది. నేను ఆ మాట కూడా పంచనామాలో రాస్తానని చెప్పాక, అరగంటలో వచ్చాడు.

టిప్పరు బానెట్ మీద కాగితాలు పెట్టి, తమ్ముడు గొడుగు పట్టుకుంటే రాయడం మొదలుపెట్టాను. అక్కడే ఒక చిక్కు వచ్చింది. వాహనాలు పట్టుకోగలను. కాని ఎవరు చెప్తే తవ్వారన్నది వాహనం డ్రైవరు వాంగ్మూలంలో రావాలి. అది లేకపోతే గుర్తుతెలియని వ్యక్తులు అని రాయాలి, రేపటికి ఫైల్లో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. జేసీబీ డ్రైవరు పక్క రాష్ట్రం వాడు, తనకు తెలుగు చదవడం రాదని తప్పుకున్నాడు. మిగిలింది మణి.

అతన్ని నేను బలవంతపెట్టలేదు. చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం, చెప్తే ఏం పోతుందో నాకన్నా నీకే బాగా తెలుసు అన్నాను. మణి లోకనాథం వైపు చూశాడు. లోకనాథం గొడుగు కొంచెం ఎత్తి, “సూసుకో అబ్బా,” అన్నాడు, అంతే.

మునెమ్మ కొడుకుతో ఏదైనా అంటుందని నేను అనుకున్నాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. లేవనూ లేదు. మణి బండి దిగి, తాళం చెవి తెచ్చి నా కాగితాల మీద పెట్టాడు.

“రాసుకో మేడమ్. లోకనాథమన్న సెప్పినాడు, నేను ఎత్తినాను. పొద్దున ఏడు గంటలకు ఫోను సేసినాడు, నా ఫోన్లో ఉండాది. మా యమ్మ బకెట్టు కింద కూసున్నా ఎత్తమన్నాడు. అది గూడా రాసుకో.”

చదివి వినిపించాను. సంతకం పెట్టాడు. మధ్యవర్తులుగా పక్క పొలం రైతు, ఊరి కిరాణా కొట్టాయన సంతకాలు చేశారు. తల్లి సాక్ష్యం చెల్లదేమోనని మునెమ్మను మధ్యవర్తిగా పెట్టలేదు. ఆవిడకు అది నచ్చలేదు. నా పేరు యాడ రాస్తావు మరి అని అడిగితే, తవ్వకాన్ని ఆపిన వ్యక్తి అని మొదటి పేరాలోనే రాశానని చూపించాను. వాహనాలను రెవెన్యూ అధికారికి అప్పగించి రసీదు తీసుకున్నాను.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కార్యాలయంలో కూర్చున్నాను. మూడో నివేదిక పదకొండు పేజీలు. గదుల ఫోటోలు, రెడ్డెప్ప ఇచ్చిన పరీక్ష పత్రం, పంచనామా, మణి వాంగ్మూలం దానికి జతచేశాను. పది ఇరవైకి డిజిటల్ సంతకం పెట్టి పంపాను. పదిన్నరకు అసిస్టెంట్ డైరెక్టర్ విడుదల పత్రం ఇస్తూ, “మీరు నన్ను ఇరికించారండీ,” అన్నాడు. ఆధారం చూపమన్నది మీరే కదా సార్, చూపించాను అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. కోపంతో పెట్టాడో మర్యాదకు పెట్టాడో నేను తేల్చుకోలేదు.

ఆ ఫైలు మీద మూడు నివేదికలూ, వాటి మీద రాసిన ప్రశ్నలూ వరసగా ఉన్నాయి. దాన్ని అలాగే పైకి పంపడం తప్ప ఆయనకు వేరే దారి లేకపోయింది. కొన్ని నెలల తర్వాత ఉత్తర్వు వచ్చింది. మాను ఉన్న భాగం, దాని చుట్టూ కొంత మేర లీజు నుంచి తీసేశారు. మిగతా గుట్టకు లీజు ఇచ్చారు, వేరే కాంట్రాక్టరుకు. అక్రమ తవ్వకం కేసు లోకనాథం మీద నడిచింది, జరిమానాతో ముగిసింది. ఆయన ఇప్పటికీ మట్టి తోలిస్తూనే ఉన్నాడు. మాను చుట్టూ ముళ్లకంచె వేశారు, బోర్డు పెట్టలేదు. విరిగిన మీటరు ముక్కలు మండల కార్యాలయం వరండాలో చాలాకాలం పడి ఉన్నాయి. వాటిని మళ్లీ అతికించడం ఎవరి వల్లా కాదు. మణి ఆ ఆదివారమే పని పోగొట్టుకున్నాడు. రెండు నెలలు ఖాళీగా ఉండి, తర్వాత చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయల లారీ తోలడానికి కుదురుకున్నాడు. నన్ను ఒక్కసారి కూడా నిందించలేదు.

నేను చెక్‌పోస్టులోనే విరమణ చేశాను. సన్మానం లేదు, అడగలేదు. అక్కడ ఉన్నన్ని రోజులు పర్మిటు లేని లారీ ఒక్కటీ నా ముందు నుంచి పోలేదు. నన్ను అక్కడికి పంపినందుకు చింతించినవాళ్లు ఉంటే వాళ్లు లారీ ఓనర్లే.

ఈ మధ్య మా వృత్తిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, పై నుంచి ఒత్తిడి వస్తే ఏం చేయాలని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేది ఇదే. మన హోదా చిన్నదే, దానికి హద్దులున్నాయి. ఆ హద్దులు ఎక్కడి దాకా ఉన్నాయో ఉత్తర్వులు, నియమాలు చదివి కచ్చితంగా తెలుసుకోవాలి. మనల్ని తగ్గించాలనుకునేవాళ్లు ఆ హద్దుకు చాలా ముందే ఆగిపొమ్మంటారు. ఆగక్కర్లేదు. చివరి రోజు, చివరి గంట దాకా అది మనదే. ఇక వృత్తి విషయానికొస్తే, ఎదుటివాడు దురుద్దేశంతో అడిగిన ప్రశ్న అయినా సరే, అది సరైన ప్రశ్న అయితే దానికి జవాబు వెతకాలి. నేను రెండో నివేదిక దగ్గరే కోపంతో ఆగిపోయి ఉంటే, కంటితో చూసి చెప్పిన మాట ఒక కన్సల్టెంటు ఉత్తరానికి సమానంగా తూగి ఉండేది. మాను నిలిచింది నా మొండితనం వల్ల మాత్రమే కాదు. ఒక మనిషి మధ్యాహ్నం భోజనం మానేసి అరగదీసిన గాజు బిళ్ల వల్ల, బురదలో కూర్చుని లేవని ఒక ఆడమనిషి వల్ల, తన కూడు పోతుందని తెలిసీ సంతకం పెట్టిన ఒక డ్రైవరు వల్ల. ఆ ముగ్గురి పేర్లూ నివేదికలో ఉన్నాయి. నేను రాసిన పదకొండు పేజీల్లో మార్చడానికి వీల్లేనివి అవే.